గోడ మీద రామాయంపేట రోడ్డు

23 ఆగస్టు 2011, మంగళవారం

రాజేందర్ బెల్లు కొట్టాడు. నేను బస్సు ఆపాను. అతను దిగాడు. జరిగింది ఇంతే.

డిపోలో కాగితం మీద కూడా ఇంతే రాసిచ్చాను. మేనేజరు గారు రెండుసార్లు చదివి, "ఆడ స్టాపు లేదు గదా వీరయ్యా, కండక్టర్ బెల్లెందుకు కొట్టిండు?" అని అడిగారు. "ఒంటేలుకు కావచ్చు సార్" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నో సంతకాలు పెట్టాను, ఇదీ ఒకటి.

రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొట్టేసిన ఇప్పచెట్టు మొద్దు మీదికి అతను నిన్న ఎందుకు ఎక్కాడో నాకేం తెలుసు. మొద్దు దొర్లింది. కుడి మోకాలు దాని కింద ఇరుక్కుంది. ఏడుగురు ప్యాసింజర్లు, నేను కలిసి లేపాం. ఇప్పుడు హైదరాబాదు దవాఖానాలో ఉన్నాడు. కాల్లో రాడ్డు వేస్తారట.

ఆ మొద్దుకు అంటుకుని ఉన్న మొక్కను తెచ్చి బోనెట్ మీద ఎవరు పెట్టారో గుర్తులేదు. అరచెయ్యంత బెరడుతో సహా ఉంది. పొద్దున దాన్ని ఒక చెక్కకు కట్టాను. మెకానిక్ లక్ష్మయ్య ఇచ్చిన రాగితీగ ఇంట్లో ఉంది. రాగి అయితే తుప్పు పట్టదు. ఊడిపోకుండా గట్టిగా బిగించాను.

ఈ డైరీ జనవరిలో ఇన్సూరెన్సాయన ఇచ్చింది. ఎనిమిది నెలలు ఖాళీగా పడి ఉంది. ఇవాళ ఎందుకు తీశానో తెలియదు.

24 ఆగస్టు

డ్యూటీకి వెళ్లాను. కొత్త కండక్టరును వేశారు. బెల్లు మరీ గట్టిగా కొడతాడు.

28 ఆగస్టు, ఆదివారం

సెలవు. పొద్దున్నే గోడ దగ్గర కూర్చున్నాను.

గోడంటే మా ఇంటి వెనక వసారా గోడ. ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు. దాని మీద ఇరవై మూడు చెక్కలు వేలాడుతున్నాయి, కొత్తదానితో ఇరవై నాలుగు. ఒక్కో చెక్క మీద ఒక్కో మొక్క. మట్టి లేదు, కుండీ లేదు. ఎడమ చివర మెదక్, కుడి చివర రామాయంపేట. దారిలో చెట్లు ఏ వరుసలో ఉండేవో ఆ వరుసలోనే తగిలించాను. మలుపు మామిడి, కల్లు దుకాణం చింత, బడి ముందు వేప. ఏ చెట్టు మొక్కను ఆ చెట్టు చెక్క మీదే కట్టాను. రోడ్డు మీద ఇప్పుడు ఆ చెట్లేవీ లేవు. మలుపు ఎక్కడ మొదలవుతుందో నాకు చెట్లే చెప్పేవి. ఇప్పుడు తెల్లగీత చూసుకుని తిప్పుతున్నాను.

మొదట్లో నేనూ అందరిలాగే వీటిని బదనికలు అనుకున్నాను. చెట్టు సారం పీల్చేస్తుందని రైతులు కొట్టిపారేస్తారు, ఇంకొందరు తాయెత్తులో పెట్టి చేతికి కట్టుకుంటారు. మదన్ మోహన్ సార్ నా బస్సులో ముందు సీట్లో కూర్చుని కాలేజీకి పోయేవారు. చెట్ల పాఠం చెప్తారు. ఆయనే ఒకరోజు అన్నారు: "బదనిక వేరు, గిది వేరు వీరయ్యా. గిది చెట్టు మీద కూసుంటది, గంతే. చెట్టుది ఏమీ తినది. ఆర్కిడ్ అంటరు దీన్ని."

ఆ ఏడాది తెచ్చినవన్నీ ఎర్రమట్టి కుండీల్లో పెట్టి చంపుకున్నాను. రెండు వారాల్లో వేర్లు కుళ్లిపోయాయి. సార్‌కు చెబితే నవ్వారు. "మన్నుల పెడితే ఊపిరాడక సస్తయి. చిన్న మొక్కలైతే మరీ జల్ది. చెక్కకు కట్టి గాలిల వేలాడదియ్యి. పొద్దున నీళ్లు కొట్టు, మధ్యాహ్నంకల్ల వేరు ఆరిపోవాలె." అప్పటినుంచి అదే పద్ధతి. వేరు తడిగా ఉంటే పచ్చగా, ఆరితే తెల్లగా కనబడుతుంది. మా బోరునీళ్లు పోస్తే వేర్ల మీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వాననీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుతాను.

ఐలమ్మకు నేనూ నా చెక్కలూ ఎప్పుడూ తమాషాయే. "ఎండిన కట్టెలకు నీళ్లు పోసే మొగన్ని నిన్నే చూస్తున్న. రేషన్ కార్డుల వీటి పేర్లు గుడ రాయియ్యరాదు" అంటుంది. ఇవాళ మాత్రం చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

ఇప్పచెట్టు మొక్క ఈ వైపు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆకు గోరంత ఉంటుంది. ఎనిమిదేళ్లుగా బస్సులోంచి తలెత్తి చూస్తూ పోయేవాడిని. ఒకసారి టైరు పంచరై సరిగ్గా ఆ చెట్టు కిందే ఆగినప్పుడు, రాజేందర్ బస్సు టాపెక్కి చూసి, "పూలున్నయే అన్నా! ఆవగింజంత ఉన్నయి. వాసన గుడ ఉన్నది" అని పైనుంచి అరిచాడు. నేను ఎక్కలేదు. నాకు కళ్లు తిరుగుతాయి.

4 సెప్టెంబర్, ఆదివారం

హైదరాబాదు వెళ్లి రాజేందర్‌ను చూసి వచ్చాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి మంచంలో సగమయ్యాడు. పద్నాలుగేళ్లు ఒకే బస్సులో తిరిగాం. మా ఇద్దరి టిఫిన్ డబ్బాల మూతలు కూడా మారిపోయి అతనిది మా ఇంట్లో, నాది వాళ్లింట్లో ఉన్నాయి.

"వదినె మంచిగున్నదా అన్నా?"

"ఉన్నది తమ్మి."

"వానలు పడుతున్నయా మన దిక్కు?"

"పడుతున్నయి."

తర్వాత అడిగాడు: "గా మొక్క బతికిందా?"

"లేదు. సచ్చిపోయింది" అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. బతికిందంటే తర్వాత ఇంకేదో మాట వస్తుందనిపించింది. అతను కళ్లు మూసుకుని, "పాయె తియ్" అన్నాడు. అతని భార్య మమత పక్కన బత్తాయి వలుస్తూ ఉంది. వలవడం ఆపి నా వైపు చూసింది. బత్తాయి తొనలు నాకే ముందు ఇచ్చింది.

9 సెప్టెంబర్

రాజేందర్‌కు చార్జిషీటు వచ్చింది. ఎంక్వైరీ ఇరవై రెండో తారీకున. నేను సాక్షిని.

లక్ష్మయ్య గ్యారేజీలో చేతులు తుడుచుకుంటూ నాకు విడమర్చి చెప్పాడు. "సొంత పనికి బెల్లు కొట్టి ప్యాసింజర్లను ఇడిసి దిగిండని రాసిండ్రు. గది రుజువైతే నౌకరి పాయె. అదే డ్రైవర్ ఆపి పంపిండనుకో, డ్యూటీల తగిలిన దెబ్బ అయితది. కాలు పని చెయ్యకున్నా ఆఫీసుల కుర్సీ ఇస్తరు. గప్పుడు డ్రైవర్ మీదికొస్తది, గది వేరే ముచ్చట." అతనికి ఏమీ తెలియదు. మామూలుగా చెప్పాడు.

నాకింకా ఆరేళ్ల సర్వీసు ఉంది. స్టీరింగు తప్ప ఈ చేతులకు ఇంకో పని రాదు.

రాజేందర్ బెల్లు కొట్టాడు. కొట్టాడు కాబట్టే ఆపాను.

19 సెప్టెంబర్, సోమవారం

ఇవాళ్టి నుంచి మేమూ సకల జనుల సమ్మెలోకి దిగాం. పొద్దున డిపో గేటుకు తాళం పడింది. బస్సులన్నీ లోపల వరుసగా నిలబడ్డాయి. అందరం నినాదాలిచ్చాం. నా గొంతు అందరికంటే గట్టిగా వినబడిందని లక్ష్మయ్య అన్నాడు. ఎంక్వైరీ సమ్మె అయ్యేదాకా వాయిదా.

తెలంగాణ రావాలని నేను కోరుకోవడం అబద్ధం కాదు. కానీ గేటుకు తాళం పడినప్పుడు నా గుండె తేలికైంది తెలంగాణ కోసం కాదు. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

21 సెప్టెంబర్

బస్టాండులో మేకలు పడుకున్నాయి.

27 సెప్టెంబర్, మంగళవారం

మమత వచ్చింది. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో, ఒడిలో ఇంకొకరి పిల్లను కూర్చోబెట్టుకుని వచ్చిందట. రాజేందర్‌ను ఇంటికి తీసుకొచ్చి నాలుగు రోజులైంది. నేనింకా వెళ్లలేదు. సమ్మె టెంటులో పని ఉందని ఐలమ్మతో చెబుతున్నాను.

మమత కూర్చోగానే సంచిలోంచి పేపర్లో చుట్టిన ఒక వస్తువు తీసి నా ముందు పెట్టింది. విప్పితే నా కత్తి. పిడి మీద ఇనుపచువ్వ కాల్చి నేనే వేసుకున్న 'వీ' అక్షరం ఉంది.

"ఆ దినం ఆయన ప్యాంటు జేబుల ఉండె అన్నా. దవాఖానల బట్టలతోని ఇచ్చిండ్రు."

"అవునా. నా డబ్బాలది."

"ఒంటేలుకు దిగేటోనికి కత్తెందుకో నాకు సమజైతలేదు. ఆయన్నడిగితె మాట్లాడడు. నువ్వన్న చెప్తవేమోనని వచ్చిన."

"పండ్లు కోసుకుందామని తీసుకున్నడేమో" అన్నాను. ఇప్పచెట్టు మొద్దు దగ్గర, ఆగస్టు నెలలో, ఏ పండ్లు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మమత "కావచ్చు" అంది. ఐలమ్మ అక్కడే నిలబడి ఉంది.

మమత మొహం కడుక్కోవడానికి వెనక్కి పోయింది. నేను ముందే పోయి చివరనున్న ఇప్పచెట్టు చెక్కను గోడవైపు తిప్పేశాను. ఆమె వరుసంతా చూస్తూ వచ్చి దాని దగ్గర ఆగింది.

"దీని మొకం గోడకు తిప్పిండ్రెందుకు?"

"ఎండ తగులుతది."

ఉత్తరపు గోడకు ఎండ. బతుకమ్మ మొదలైంది కదా, వాకిట్లో ఐలమ్మ పోసి ఉంచిన తంగేడు పూలలోంచి ఆమె దోసెడు తీసుకుని వెళ్లింది.

ఆమె పోయాక చెక్కను మళ్లీ ఇటు తిప్పాను. మొక్కకు ఐదు వేర్లు. అందులో నాలుగు నల్లబడ్డాయి. కుళ్లు కాదు, కాలినట్టున్నాయి. నెల రోజులుగా రోజూ నీళ్లు కొడుతున్నాను, ఒక్కసారి కూడా దాన్ని సరిగ్గా చూడలేదు.

చచ్చిపోయిందని అతనితో చెప్పాను. ఇప్పుడది చస్తూ ఉంది. నాకు భయమేసింది.

28 సెప్టెంబర్

సమ్మె టెంటులో లెక్చరర్లూ కూర్చుంటున్నారు. మదన్ మోహన్ సార్ పక్కకు జరిగి చోటిచ్చారు. వేర్లు నల్లబడ్డాయని చెప్పాను.

"నీళ్లేం పోస్తున్నవ్?"

"వాననీళ్లే సార్."

"దేనితోని కట్టినవ్?"

"రాగితీగతోని. తుప్పు పట్టదని."

ఆయన తల పట్టుకున్నారు. "ఎంత పనైంది వీరయ్యా! రాగి దానికి విషం. తడి తాకినప్పుడల్ల జర జర వేర్లకు దిగుతది. మిగిలినవాటికి ఏం కట్టినవ్?"

"ట్యూబు ముక్కలు, గుడ్డపేలికలు."

"మరి దీనికెందుకు తీగ?"

పోతుందేమోనని భయం సార్, అన్నాను. "జల్ది పోయి ఇప్పెయ్" అన్నారు. టెంటులోంచి లేచి అప్పటికప్పుడు ఇంటికి వచ్చాను. వేరు ఎక్కడ తీగ కింద పడిందో అక్కడే నలుపు మొదలైంది. నల్లబడిన నాలుగూ కత్తిరించాను. మమత తెచ్చిచ్చిన కత్తితోనే. ఇంట్లో అంత పదునైనది ఇంకోటి లేదు.

ఐలమ్మ తన పాత నూలు చీర అంచు చించి ఇచ్చి, చెక్కను రెండు చేతులా పట్టుకుంది. నూలైతే వేరు బెరడును పట్టుకునేసరికి దానంతటదే చివికి రాలిపోతుంది, విప్పే పని ఉండదు. నేను ముడి వేస్తుంటే అడిగింది.

"గిది ఆ దినందేనా?"

నేను ముడి మీద ముడి వేశాను.

"సచ్చిందని చెప్పినవంట గదా ఆయనకు. మమత చెప్పింది. మరి గిదేంది?"

"గుడ్డ జర తడిపి ఇయ్యి" అన్నాను. తడిపి ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

2 అక్టోబర్

ఒక ఆకు పసుపుపచ్చగా మారి రాలింది. మూడు మిగిలాయి.

6 అక్టోబర్, దసరా

జమ్మి దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చుకుని అందరం టెంటు ముందు కలుసుకున్నాం. ఒకరి చేతిలో ఒకరు ఆ ఆకునే బంగారమని పెట్టుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ చేసుకుంటున్నాం. రాజేందర్ వచ్చాడు. మమత తమ్ముడి బండి వెనక కూర్చుని, రెండు చంకల్లో కర్రలతో దిగాడు. అందరూ చుట్టుముట్టారు. ఎవరో జై తెలంగాణ అన్నారు, అతనూ అన్నాడు.

నేను వెనక నిలబడ్డాను. అతను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కర్ర చంకలో బిగించి, జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు. ప్రతి దసరాకూ ఆకు పెట్టి నా కాళ్లు మొక్కుతాడు, చిన్నవాడు కదా. ఇవాళ కూడా వంగబోయాడు. మోకాలు వంగదు. కర్ర జారింది. నేను పట్టుకున్నాను. నా భుజం మీద బరువంతా వేసి నిలబడి నవ్వుతూ, "వచ్చేసారి మొక్కుత తియ్ అన్నా" అన్నాడు.

ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకుంటూ పక్కకు పోయాను.

7 అక్టోబర్

బెల్లు మోగలేదు.

బెల్లు మోగలేదు. రాజేందర్ వెనక సీటు దగ్గర ఒక ముసలామెకు మూట సర్ది ఇస్తున్నాడు. చెయ్యి తాడు దగ్గర కూడా లేదు. పడిపోయిన ఇప్పచెట్టు నాకే కనబడింది, నేనే బ్రేకు వేశాను. "తమ్మీ, మన మొక్క కింద పడ్డది సూడు! జర దిగి బెరడుతోని చెక్కుకొని రా. రెండు నిమిషాలు" అన్నాను. "లేటైతది అన్నా, వచ్చేటప్పుడు చూద్దాం" అన్నాడు. వచ్చేటప్పటికి లారీ ఎత్తుకుపోతుందని చెప్పి, డబ్బాలోంచి కత్తి తీసి నేనే ఇచ్చాను. ఇంజను ఆపలేదు. సీట్లోంచి దిగలేదు. కిటికీలోంచి, "ఇంకా పైకి, ఇంకా పైకి ఎక్కు" అని చెబుతూ ఉన్నాను.

మొద్దు దొర్లింది. నేను దిగి పరుగెత్తాను. అతను కింద ఉన్నాడు. కాలు మొద్దు కింద ఉంది, చెయ్యి మాత్రం పైకి ఎత్తి పట్టుకున్నాడు, బెరడు ముక్క నలగకుండా. "మొక్క పట్టు అన్నా" అన్నాడు.

పట్టుకున్నాను. ముందు మొక్కనే పట్టుకున్నాను. బస్సు దగ్గరికి పోయి, బోనెట్ మీద పెట్టి, మళ్లీ వచ్చి, అప్పుడు మొద్దు మీద చెయ్యి వేశాను. పోను ఇరవై అడుగులు, రాను ఇరవై అడుగులు. ఎవరు పెట్టారో గుర్తులేదని ఈ డైరీలోనే రాశాను. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపను.

17 అక్టోబర్, సోమవారం

మా సమ్మె ఆపారు. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత స్టీరింగు పట్టుకున్నాను. చేతులకు ఎంత హాయిగా ఉందో రాయలేను. అందుకే రాయక తప్పదు. ఈ హాయి కోసమే ఆ సంతకం పెట్టాను.

ఇప్పచెట్టు ఉన్నచోట ఇప్పుడు కంకర పోశారు. దగ్గరికి రాగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక నుంచి కండక్టరు, "బెల్లు కొట్టలే గదనే అన్నా, ఎందుకాపినవ్?" అని అడిగాడు.

25 అక్టోబర్

నోటీసు అందింది. ఎంక్వైరీ నవంబరు మూడున.

30 అక్టోబర్, ఆదివారం

కొత్త వేరు. ఆకు మొదట్లో గోధుమగింజంత, చివర పచ్చగా. కిందికి దిగి బెరడు సందులోకి దూరుతోంది. ఐలమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "కట్టెకు నీళ్లు పోసుడు ఊకెనే పోలే" అంది. తర్వాత నా వైపు తిరగకుండానే అంది: "నౌకరి పోతే పోనియ్యి. నేను మిషిన్ కుడుత. నువ్వు గిట్ల తిండి తినక తిరుగుడు చూడలేను."

తనకు నేనేమీ చెప్పలేదు. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.

3 నవంబర్, గురువారం

మేనేజరు గారి గదిలో ఎంక్వైరీ. విచారణ చెయ్యడానికి వచ్చిన ఆఫీసరు కళ్లద్దాల మనిషి, మెల్లగా మాట్లాడతాడు. రాజేందర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపుకోవడానికి ఇంకో కుర్చీ వేశారు. నేను నిలబడ్డాను.

"మీరు ఆగస్టులో రాసిచ్చింది ఇదే కదా? కండక్టర్ బెల్లు కొట్టగా బస్సు ఆపితిని?"

"అవును సార్."

"కండక్టర్ కూడా అదే రాసిచ్చిండు. తనే సొంత పనికి బెల్లు కొట్టి దిగిన అని. ఇద్దరి మాటా ఒకటే ఉన్నది. ఇంకేమన్న చెప్పేదున్నదా?"

నేను రాజేందర్ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. అతను అలా రాసిచ్చాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నేను ఏం రాశానో దవాఖానాలో ఎవరో చెప్పి ఉంటారు. మంచంలో పడుకుని, నా అబద్ధానికి సరిపోయేటట్టు తన అబద్ధం రాసి సంతకం పెట్టాడు. నన్ను పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. లేదు సార్ అంటే చాలు, బయటికొచ్చి రెండో ట్రిప్పుకు బస్సు తియ్యొచ్చు.

"బెల్లు కొట్టలేదు సార్" అన్నాను.

"ఏమన్నరు?"

"రాజేందర్ బెల్లు కొట్టలేదు. నేనే ఆపిన. నేనే దిగుమన్న. కత్తి గుడ నాదే."

ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు. "ఎందుకు దిగుమన్నరు?"

"మొక్క కోసం సార్."

"ఏం మొక్క?"

చెప్పాను. ఇప్పచెట్టు, గోరంత ఆకులు, చెక్కకు కట్టడం, అన్నీ చెప్పాను. ముందు మొక్కను అందుకుని బస్సులో పెట్టి, ఆ తర్వాత మొద్దు దగ్గరికి పోయానని కూడా చెప్పాను. దాన్ని ఎవరూ అడగలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు, నన్ను తిట్టనూ లేదు. టైపు చేసే అతను మాత్రం ఒకసారి చేతులాపి నా మొహం చూశాడు.

బయట వేప కింద బెంచీ మీద రాజేందర్ నా పక్కన కూర్చున్నాడు.

"నేను రాసిచ్చిన గదనే అన్నా! ఎందుకు తెరిసినవ్ నోరు? నాది ఎట్లనో పోయింది. రెండు ఇండ్లు ఎందుకు మునగాలె అని రాసిచ్చిన. నా మాట అబద్ధం చేస్తివి."

"నువ్వు రాసింది అబద్ధమే గదరా."

"నువ్వు రాసినవు గాబట్టి రాసిన."

గేటులోంచి ఒక బస్సు బయటికి పోయింది, ఇద్దరం చూశాం. నేను చెప్పాను: "మొక్క సావలేదు తమ్మి."

"ఎర్కే. మమత చెప్పింది, ఒకటి గోడకు తిప్పి ఉన్నదని." కాలు సర్దుకుని, "సచ్చిందన్న దినం మస్తు బాధైంది అన్నా. కాలు పోయె, అది గుడ పాయె అనుకున్న" అన్నాడు. చివరికి "ఎప్పుడన్న తే. చూస్త" అన్నాడు.

నన్ను ఇంటికి పొమ్మని మేనేజరు గారు కబురు పంపారు. బస్సు తాళాలు ఇచ్చేసి నడిచి వచ్చాను.

5 నవంబర్

సస్పెన్షన్ కాగితం వచ్చింది. పొద్దున గోడకు నీళ్లు కొట్టాను.

10 నవంబర్

లక్ష్మయ్య వచ్చి చెప్పాడు. రాజేందర్ దెబ్బను డ్యూటీలో తగిలిందిగానే రాస్తున్నారట. కాలు కుదిరాక టికెట్ల సెక్షన్లో కూర్చోబెడతారట. నా సంగతి ఇంకా పై ఆఫీసులో ఉంది, ఏమవుతుందో ఎవరికీ తెలియదు. లక్ష్మయ్య పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "గా తీగ నేనిచ్చిందే గదా" అన్నాడు. మంచి మనిషి. కట్టింది నేనే అని చెప్పి పంపాను.

ఆ తర్వాత చివరి చెక్కను తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఊపి చూశాను. నూలుగుడ్డ అక్కడక్కడా చివికింది. మొక్క కదల్లేదు. వేరు బెరడును పట్టింది.

13 నవంబర్, ఆదివారం

చెక్కను తడి తువ్వాలలో చుట్టుకుని పాపన్నపేట బస్సెక్కాను. ప్యాసింజరుగా. ఎక్కడ కూర్చోవాలో కాసేపు తోచలేదు. డ్రైవరు నన్ను అద్దంలో చూసి చెయ్యి ఎత్తాడు. కండక్టరు ఆ కొత్తవాడే, బెల్లు గట్టిగా కొట్టేవాడు. ముందు సీట్లో ఉన్నవాళ్లను జరిపి నాకు చోటు చేశాడు. తువ్వాలలో ఏముందని అడిగాడు. చెప్పాను. వంగి మూడు ఆకులూ చూసి, "గింత చిన్నగున్నదా!" అన్నాడు.

కోసిన వరి రోడ్డు మీద ఎండబోసి ఉంది. బస్సు దాని పక్కనుంచి మెల్లగా పోయింది. రాజేందర్ ఇల్లు ఊరికి కిలోమీటరు ముందే, కాలువ పక్కన. అతను ఇంటి ముందు కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని ఉండటం దూరం నుంచే కనబడింది. గోడ వరుసలో ఇప్పుడు చివర ఒక మేకు ఖాళీగా ఉంది. దాన్ని అలాగే ఉంచుతాను.

"ఏడ దిగుతవే అన్నా?" అని కండక్టరు అడిగాడు.

"గా ఇంటి కాడ. ఆడ స్టాపు లేదు, ఊర్ల దిగి నడుచుకుంట వస్త తియ్" అన్నాను.

"నీకు స్టాపేంది అన్నా" అని చెయ్యి పైకెత్తి తాడు లాగాడు.

బెల్లు ఒక్కసారి మోగింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నేను దిగాను.